బిగుసుకోని తలుపు

"రానంటే రాను అత్తయ్యా. మీరు బయల్దేరండి. నన్నొదిలేయండి."

పెద్దకోడలు ఆ మాట అన్నప్పుడు తల కూడా ఎత్తలేదు. కుట్టుమిషనూ ఆగలేదు. కాలు తొక్కుతూనే ఉంది, సూది గుడ్డ మీద పరుగులు తీస్తూనే ఉంది. కుడుతున్నది ఎవరిదో స్కూలు చొక్కా. ఈ వానకు స్కూళ్ళే మూసేశారు, ఆ చొక్కా అంత అర్జెంటుగా ఎవరికి కావాలో ఆమెకే తెలియాలి.

అత్తగారు వెనకగది గుమ్మంలో నిలబడి ఉంది. ఒంటి మీద రెయిన్‌కోటు, మెడలో ఈల, భుజాన సంచి. ఇందాకటి నుంచీ అలాగే నిలబడి ఉంది. మైకు బండి వీధంతా అరుచుకుంటూ పోయింది. కొండవైపు వరసలో ఉన్నవాళ్ళందరూ చీకటి పడేలోగా కిందనున్న హైస్కూలుకు చేరాలట. పక్కింటివాళ్ళు మేకలతో సహా వెళ్ళిపోయారు. ఎదురింటి ముసలాయనను మంచంతో సహా మోసుకుపోయారు. వరసలో ఇక మిగిలింది ఈ ఒక్క ఇల్లే.

"కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నాయట. ఇంకాసేపు పోతే దారుండదు," అంది అత్తగారు.

"అందుకే త్వరగా వెళ్ళమంటున్నాను."

"నేను వెళ్ళడం గురించి కాదే మాట్లాడేది!"

"నేను ఉండడం గురించే అత్తయ్యా నేనూ మాట్లాడేది."

వంటింట్లో పాప పాలడబ్బా, గుడ్డలు సంచిలో కుక్కుతున్న చిన్నకోడలికి ఈ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఆమె చదునైన ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల. పురిటి నుంచి పాపను తీసుకుని నేరుగా ఈ ఇంటికి వచ్చింది. కొండ పక్కన వానాకాలం గడపడం ఇదే మొదలు. భర్త బస్సు డ్రైవరు. బస్సుతో సహా కనుమకు అవతల చిక్కుకుపోయాడు. ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురు, చంటిది, బావగారు. ఆ బావగారు వడ్రంగి. మైకు బండి వెళ్ళిన కాసేపటికి ఆయన మాట్లాడకుండా పెరటి షెడ్డులోకి పోయాడు, ఇంతవరకూ ఇటు రాలేదు.

పాప ఇప్పుడు ఆమె అక్కా అని పిలిచే పెద్దకోడలి దగ్గరే ఉంది. మిషను పక్కన కత్తిరింపు గుడ్డల బుట్టలో పడుకోబెట్టింది అక్క. మిషను చప్పుడు లేకపోతే ఆ పిల్లకు నిద్ర పట్టదు. అలవాటు చేసిందీ అక్కే.

"సరే, నా మాట వద్దు," అంది అత్తగారు. గొంతులో పాత ఉద్యోగం వినబడింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరైన మనిషి. అవతలివాళ్ళు ఎంత అరిచినా తాను చెప్పాల్సిన మాటను అదే స్వరంలో మళ్ళీ మళ్ళీ చెప్పడం ఆవిడకు బాగా వచ్చు. "మైకు బండివాళ్ళ మాటైనా విను. వాళ్ళకేం పనీపాటా లేక తిరుగుతున్నారా?"

మిషను ఆగింది.

"మైకు మాట మనింట్లో చెల్లదని పోయినేడు మీరే కదా ఒప్పుకున్నారు? తలుపు చెబితేనే కదలాలన్నారు. తలుపు చెప్పిందా?"

ఆ మాట నిజం.

ఈ ఇంటికి ఆ రూలు వచ్చిన కథ వీధిలో అందరికీ తెలుసు. పెద్దకోడలి కూతురు చిట్టి పోయిన తర్వాత బురద బూట్లతో ఒక ఆఫీసరు వచ్చి గోడలూ గుమ్మాలూ చూసి, కొండ జారే ముందు ఇల్లే చెబుతుందమ్మా అన్నాడు. నేల కదిలితే ద్వారబంధం వంకర పోతుంది, నిన్నటిదాకా తేలిగ్గా తెరుచుకున్న తలుపు ఇవాళ బిగుసుకుంటుంది, అలా బిగుసుకున్న పూట ఇంట్లో ఉండకండి అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట అత్తగారి గుండెల్లో దిగబడిపోయింది. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం దీపం పెట్టే ముందు ఒకసారి వీధి తలుపు తీసి వేసి చూడటం ఆవిడకు దినచర్య అయింది. నాలుగు కొక్కేలకు నాలుగు సంచులు తగిలించింది. ప్రతి సంచిలో టార్చి, మందులు, పొడి బట్టలు, బిస్కెట్లు. వీధిలో పిల్లలు ఆవిడకు సైరనమ్మ అని పేరు పెట్టారు. ఆవిడకూ ఆ పేరు తెలుసు. తెలిసినా ఆ పిల్లల మొహానే ఈల ఊది మరీ రిహార్సల్ చేయించేది.

మైకు వచ్చిన ప్రతిసారీ ఇల్లంతా దిగి వెళ్ళడం, హైస్కూలు బెంచీల మీద పడుకోవడం, ఏమీ కాక తిరిగి రావడం. పోయిన వానాకాలం మొత్తం ఇదే తంతు. వెళ్ళిన ప్రతిసారీ పెద్దకోడలు తిండి మానేసేది. చివరికి అత్తాకోడళ్ళ మధ్య ఒప్పందం కుదిరింది. మైకు కాదు, తలుపే చెప్పాలి.

"పదండి, చూద్దాం," అంది పెద్దకోడలు లేచి. "మీ చేత్తోనే చూడండి."

ముగ్గురూ వీధి గదిలోకి వచ్చారు. అత్తగారు గడియ తీసి తలుపు లాగింది. చిటికెనవేలితో లాగినా వచ్చేటట్టు వచ్చింది. వేసింది. చప్పుడు లేకుండా వెళ్ళి ద్వారబంధంలో కూర్చుంది. మళ్ళీ తీసింది, మళ్ళీ వేసింది. ఎక్కడా ఒరుసుకోలేదు. బయటి నుంచి వానజల్లు గడప దాటి ఆవిడ కాళ్ళ మీద పడింది.

"చూశారుగా," అంది పెద్దకోడలు. గెలిచిన మనిషి గొంతు కాదు అది. "వెళ్ళాలనుకుంటే మీరు వెళ్ళండి. నేను మాట తప్పలేదు."

ఆమె వెనక్కి వెళ్ళిపోయింది. మిషను మళ్ళీ మొదలైంది.

అత్తగారు ముక్కాలి పీట మీద కూర్చుంది. సంచి మాత్రం భుజం మీంచి దించలేదు. తాను పెట్టిన రూలు తననే కాళ్ళూ చేతులూ కట్టేసి కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఆ క్షణాన ఆవిడను చూస్తే తెలిసేది.

"అత్తయ్యా, మనం ముగ్గురం వెళ్దాం. బావగారు అక్కను తీసుకొస్తారు," అంది చిన్నకోడలు మెల్లగా.

"ఒకరిని వదిలి వెళ్ళే ఇల్లు కాదమ్మాయ్ ఇది. ఒకసారి అయింది చాలు."

రేకుల మీద వాన హోరు పెరిగింది.

చిన్నకోడలు పాపను చూద్దామని వెనకగదికి వెళ్ళింది. పాప నిద్రలో పెదాలు కదుపుతోంది. అక్క మిషను దగ్గర కూర్చుంది కానీ కుట్టడం లేదు. కొండవైపు గోడను చూస్తోంది. ఆ గోడకు ఒకప్పుడు గుమ్మం ఉండేది. గుమ్మానికి అవతల ఇంకో గది ఉండేది. ఇప్పుడు అవతల ఉన్నది మట్టి. గుమ్మం ఉన్నచోట ఇటుకలు పేర్చి సున్నం కొట్టారు. ఎంత సున్నం కొట్టినా, తలుపంత మచ్చ ఒకటి లోపలి నుంచి కనబడుతూనే ఉంటుంది.

టక్.

చిన్నకోడలు ఉలిక్కిపడింది.

టక్. కాసేపాగి, టక్ టక్.

"భయపడకు," అంది అక్క. ఆమె మొహంలో నవ్వుంది. ఈ ఇంటికి వచ్చాక ఆ మొహంలో చిన్నకోడలు చూసిన మొదటి నవ్వు అది. "చిట్టి. మధ్యాహ్నం పడుకోబెట్టి గడియ పెడితే అలాగే తట్టేది, నిద్రొస్తే ఒట్టు. వానొస్తే గానీ తట్టదు ఇప్పుడు. మామూలు రోజుల్లో ఎంత చెవి పెట్టి విన్నా పలకదు."

"అక్కా..."

"నీకూ వినబడిందిగా? నాకు పిచ్చని అత్తయ్య అంటారు. నీకు వినబడింది కదా?"

చిన్నకోడలు వినబడలేదని చెప్పలేకపోయింది. ఆమెకు నిజంగానే వినబడింది. పాపను ఎత్తుకుందామని వంగింది కానీ, "పడుకోనీ, ఇప్పుడే పట్టింది నిద్ర," అంటూ అక్క చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిని తోసేసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

వీధి గదిలోకి వచ్చేసింది. కిటికీ దగ్గర మాత్రమే ఫోను సిగ్నల్ దొరుకుతుంది. భర్త ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఎక్కడున్నారు? హైస్కూల్లోనేనా?"

"ఇంట్లోనే."

"ఇంకా ఇంట్లోనా! మీకందరికీ బుద్ధుందా? ఇక్కడ రోడ్డు సగం ఊడి కిందికి పోయింది తెలుసా?"

"తలుపు బాగానే ఉందండీ. అత్తయ్య చూశారు. ఏం బిగుసుకోలేదు."

అవతల గరగర వినబడింది. లైను తెగిందేమో అనుకుంది.

"వీధి తలుపేనా?"

"అదే."

"ఇంత వానకు బిగుసుకోకపోవడమేంటే? కొండ సంగతి తర్వాత, చెక్కైనా ఉబ్బాలి కదా. నా చిన్నప్పుడు వానాకాలం వచ్చిందంటే ఆ తలుపును భుజంతో గుద్ది తెరిచేవాళ్ళం. గుద్దీ గుద్దీ నాకు ఇక్కడ కాయ కాసింది. అది బిగుసుకోకుండా ఎలా..."

అక్కడ నిజంగానే లైను తెగింది.

చిన్నకోడలు ఫోను చేతిలో పట్టుకుని తలుపు వైపు చూసింది. అత్తగారు కళ్ళు మూసుకుని పీట మీద గోడకు ఆనుకుని ఉంది. నిద్ర కాదు, ఓటమి. చిన్నకోడలు చప్పుడు చెయ్యకుండా స్టూలు లాక్కుని ఎక్కింది. ఇంతవరకూ ఎవరూ తలుపును పైనుంచి చూడలేదు. చూసే ఎత్తు ఈ ఇంట్లో ఆడవాళ్ళకు లేదు.

తలుపుకు కిందంతా పాత ఆకుపచ్చ రంగు. పై అంచు మాత్రం తెల్లగా, పచ్చిగా, అప్పుడే కోసిన దుంప ముక్కలా ఉంది. ఆ అంచుకూ ద్వారబంధానికీ మధ్య సందు ఒక చివర వేలు దూరేంత ఉంది. రెండో చివర కాగితం కూడా దూరదు. తలుపు ఏటవాలుగా అరిగిపోయింది. ద్వారబంధం వంగినంత మేరా తలుపునూ ఎవరో గీకి వంచారు. ఒక్కసారి చేసిన పని కాదది. ఇల్లు కదిలినప్పుడల్లా కొంచెం, కొంచెం.

స్టూలు దిగి వానలోనే పెరట్లోకి పరిగెత్తింది.

షెడ్డులో బావగారు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. పనేం చెయ్యడం లేదు. ఉలులన్నీ నూనె గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టాడు. చెక్క నునుపు చేసే చిత్రిక మాత్రం ఒళ్ళో ఉంది. ఆయన తలుపు బిగిస్తే దానికి నోరుండదని ఈ వైపు పేరు. కిర్రుమన్న తలుపు వడ్రంగికి అవమానం అంటాడు.

"బావగారూ, వీధి తలుపు పైఅంచున కొత్త చెక్క కనబడుతోంది."

ఆయన చిత్రికకు అంటిన పొట్టు ఊదాడు.

"ఒక చివర నా వేలు దూరింది. ఇంకో చివర ఏమీ దూరడం లేదు."

"తలుపుల పని ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?"

"మీ తమ్ముడు చెప్పారు, వానొస్తే ఆ తలుపు ఉబ్బుతుందని."

"వాడికేం తెలుసు, స్టీరింగు తిప్పేవాడికి."

మామూలుగా అయితే చిన్నకోడలు బావగారి ఎదుట గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీలో ఆయన ఉంటే ఆ గదిలోంచి పక్కకు తప్పుకునే రకం.

"బావగారూ, నా బిడ్డ ఆ ఇంట్లో ఉంది!"

ఆయన చేతులు చిత్రిక మీదే ఉన్నాయి. బొటనవేలితో దాని బ్లేడు తడుముకున్నాడు. రక్తం వచ్చింది కాబోలు, వేలు నోట్లో పెట్టుకున్నాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా కనిపించాడు.

"అమ్మ లేవకముందే చిత్రిక పట్టేస్తాను," అన్నాడు చివరికి. "పొద్దున్నే. ముందు వారానికోసారి సరిపోయేది. ఈ వారం రోజూ పట్టాల్సి వచ్చింది."

"ఇవాళ?"

"పొద్దున ఒకసారి." ఆయన తల దించుకున్నాడు. "మైకు బండి వచ్చాక మీరందరూ సంచులు సర్దుతుంటే ఇంకోసారి."

చిన్నకోడలికి ఏం తిట్టాలో కూడా తెలియలేదు. "ఎందుకండీ? ఎందుకు చేశారిలా?"

"మీ అక్క నవ్వు చూశావా నువ్వు? వాన పడితేనే నవ్వుతుంది. ఆ గోడ చప్పుడు చేస్తేనే. అన్నం తింటుంది, నాతో మాట్లాడుతుంది, పాపను ఎత్తుకుంటుంది. హైస్కూలుకు తీసుకెళ్తే మూడో పూటకల్లా కట్టెలా అయిపోతుంది. పోయినేడు నువ్వు లేవు కాబట్టి చూడలేదు. అమ్మ తలుపు పట్టుకుని ఇల్లు ఖాళీ చేయిస్తుంది. తలుపు బిగుసుకోకపోతే గొడవే లేదు కదా అనుకున్నాను."

"ఆ చప్పుడు... అదేంటి బావగారూ? నేనూ విన్నాను."

"దూలం. కొండ నెడుతుంటే దూలం మేకుల్ని లాగుతుంది. నాకు తెలియదా, ఆ మేకులు కొట్టింది నేనే."

వాన షెడ్డు చూరు నుంచి తాళ్ళలా కారుతోంది. ఆయన దాన్నే చూస్తూ చెప్పుకుపోయాడు, ఎవరూ అడగకపోయినా.

"ఆ రోజూ మైకు బండి వచ్చింది. అమ్మ సంచి కట్టేసింది. చిట్టికి ఒళ్ళు కాలిపోతోంది. ఈ వానలో తడిపి చంపమంటారా దాన్ని అని మీ అక్క అడిగింది. అమ్మ కాసేపు చూసి, సరేలే, కాస్త వాన తెరిపివ్వనీ, వెళ్దాం అంది. ఇద్దరూ చెప్పింది న్యాయంగానే ఉంది. నేను నిలబడి ఇద్దరి మొహాలూ చూశాను. చిట్టిని లోపలి గదిలో పడుకోబెట్టి ఇది కషాయం కాయడానికి వంటింట్లోకి వచ్చింది, కొండ ఆ గది మీదికి దిగింది. అంతే."

ఇంట్లో ఒక మాట చెప్పాల్సిన పూట అలా నిలబడి మొహాలు చూసిన మగవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. అందరినీ కొండ శిక్షించదు. ఈయన్ని శిక్షించింది. ఆ శిక్ష తప్పించుకోవడానికి ఈయన చిత్రిక పట్టుకున్నాడు.

చిన్నకోడలికి జాలి కలిగింది. జాలిని మించిన భయమూ కలిగింది.

"ఇప్పుడే చెప్పాలి మీరు. అత్తయ్యకు కాదు, అక్కకు. ఆ గోడలో ఎవరూ లేరని మీ నోటితో చెప్పండి."

"ఆ మాట నేను చెబితే..." ఆయన చిత్రిక బల్ల మీద పెట్టాడు. "దాని బిడ్డను ఇంకోసారి చంపినట్టేనమ్మా."

"చెప్పకపోతే నా బిడ్డ పోతుంది."

ఆయన లేచాడు.

వాళ్ళు వెనకగదిలోకి వచ్చేసరికి పాప నిద్ర లేచి ఉంది. అక్క పాపను భుజాన వేసుకుని గోడకు చెవి ఆనించింది. తడిసిన ఇద్దరినీ చూసి ఆమె కనుబొమలు ముడిచింది.

"ఇంట్లోకి ఈ నీళ్ళేంటి? తుడుచుకుని రాకూడదూ?"

"లే," అన్నాడు ఆయన. "వెళ్దాం."

"తలుపు..."

"తలుపు అబద్ధం చెప్పింది. చెప్పించింది నేను."

ఒక్కొక్క మాటే నెమ్మదిగా, రంపం కోసినట్టు బయటికి లాగి చెప్పాడు. చిత్రిక పట్టిన సంగతి. ద్వారబంధం వాలిపోయిన సంగతి. గోడ చప్పుడు సంగతి వచ్చేసరికి మాట ఆగింది. మళ్ళీ మొదలెట్టాడు.

"అది చిట్టి కాదే. దూలం. మేకులు ఊడుతున్నాయి. చిట్టి కాదు."

వెనక నుంచి ఏదో కింద పడ్డ చప్పుడైంది. అత్తగారి సంచి. ఆవిడ ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ గమనించలేదు.

"ఒరేయ్," అంది అత్తగారు. స్వరం మారింది. ఎక్స్ఛేంజి గొంతు ఎటో పోయింది. "నా తలుపునా? రోజూ దాన్ని ముట్టుకుని, ఇవాళ్టికి ఇల్లు బాగుందిలే అని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నానురా. నన్ను పిచ్చిదాన్ని చేస్తివిరా నాయనా!"

"అమ్మా..."

"మాట్లాడకు! ఆ తలుపొక్కటే నన్ను బతికిస్తోందిరా. అది చెబితే కదులుతాను, ఈసారి ఎవరి మాటా వినను అనుకున్నాను. దాని నోరు కూడా కోసేశావు."

పెద్దకోడలు అరవలేదు, ఏడవలేదు. పాప వీపు మీద మెల్లగా చరుస్తూనే ఉంది. ఆమె మొగుడి వైపు చూసిన చూపు చిన్నకోడలు ఊహించిన చూపు కాదు. చెప్పిన పాఠం మరిచిపోయిన పిల్లాడిని చూసినట్టు చూసింది.

"పొట్టు ఎవరు ఊడుస్తున్నారనుకున్నారు?" అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"చీకటుండగానే లేచి చిత్రిక పడతారు. పట్టి షెడ్డులోకి వెళ్ళిపోతారు. గడప నిండా పొట్టు. అత్తయ్య లేచి తలుపు దగ్గరికి వచ్చేలోగా ఆ పొట్టంతా ఎత్తి పొయ్యిలో వేసింది ఎవరు? గాలి ఊడ్చుకుపోయిందనుకున్నారా?"

అత్తగారు గుమ్మానికి చేరగిలబడింది.

"అంటే నీకు..." అన్నాడాయన. "ఆ చప్పుడు దూలమని నీకు ముందే తెలుసా?"

"నేను వడ్రంగి పెళ్ళాన్నండీ."

"మరి చిట్టి అంటావు? అందరితో చిట్టి తడుతోందంటావు?"

"ఇల్లు కదులుతోంది, కొండ నెడుతోంది. అంతేగా మీరు చెప్పేది?" ఆమె అరచెయ్యి గోడ మీద ఆనించింది, జ్వరం చూసినట్టు. "చిట్టి ఉన్నది ఆ కొండలోనే కదండీ."

గోడ మళ్ళీ తట్టింది. ఈసారి ఒకటి రెండు కాదు, వరసగా. పైనుంచి సున్నం పొరలు రాలి మిషను మీద, ఆ స్కూలు చొక్కా మీద పడ్డాయి. బావగారు దూలం వైపు చూశాడు.

"టైము లేదు," అన్నాడు. "ఇంక లేదు."

చిన్నకోడలు ముందుకొచ్చి చేతులు చాచింది. "అక్కా, పాపనివ్వు."

అక్క ఇవ్వలేదు. అలాగని లాక్కోనూ లేదు. పాప నుదుటి మీద వాలిన వెంట్రుకలు పక్కకు తోసి, అరచెయ్యి ఆనించి చూసింది. చెయ్యి తీసి, తిప్పి, వెనక వైపుతో ఇంకోసారి చూసింది. ఆమె కళ్ళు ఒక్కసారిగా పెద్దవయ్యాయి.

"దీనికి ఒళ్ళు కాలుతోందే."

అత్తగారి చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

"ఇందాకే వెచ్చగా అనిపించింది, నిద్ర వేడేమో అనుకున్నాను. చూడు, నువ్వే చూడు," అంది అక్క. "ఇలా ఉంటే ఈ వానలో తడిపి..."

అక్కడ ఆగిపోయింది. ఆ మిగిలిన మాట ఏమిటో గదిలో అందరికీ తెలుసు.

చిన్నకోడలు పాప మెడ కింద వేళ్ళు పెట్టి చూసింది. నిజమే. కాలుతోంది. పాలడబ్బా, గుడ్డలు, బిస్కెట్లు అన్నీ సర్దింది కానీ కన్నబిడ్డ ఒళ్ళు తడిమి చూడలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. హైస్కూలుకు ఎంత దూరమో గుర్తొచ్చింది. కల్వర్టు మీద నీళ్ళు గుర్తొచ్చాయి. జ్వరంతో ఉన్న చంటిదాన్ని ఆ వానలో అంత దూరం మోసుకుపోవడం ఏ తల్లి చేసే పని? వాన కాస్త తెరిపిస్తే, ఒక్క అరగంట ఆగితే అని మనసు గుసగుసలాడింది. ఆ గుసగుస ఎంత న్యాయంగా వినబడిందో ఆమెకు జీవితంలో మరిచిపోలేనంతగా తెలిసింది.

అత్తగారి వైపు చూసింది. ప్రతిదానికీ ఒక ఆర్డరు తయారుగా ఉంచుకునే మనిషి, మెడలో ఈలను పిడికిట్లో బిగించి పట్టుకుని నోరు విప్పకుండా నిలబడింది. ఒకసారి సరేలే అన్న నోరది. దానికి ఇంకో మాట రావడం లేదు.

బావగారి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

ఎవరూ చెప్పరని ఆమెకు అర్థమైంది. ఆ రోజు కూడా ఇలాగే, ఈ నాలుగు గోడల మధ్యే, ఒక తల్లి ఇలాగే ఒక్కొక్క మొహం చూసి ఉంటుంది.

"తడిస్తే తడవనీ అక్కా," అంది. గొంతు తనది కానట్టుంది. "జ్వరం పెరిగితే పెరగనీ. కింద డాక్టరుంటాడు, మందేస్తాడు. ఇటివ్వు."

అక్క ఆమెను చూస్తూ ఉండిపోయింది. ఎదురుగా ఉన్న తోడికోడలిని చూస్తున్నట్టు లేదు. చాలా కాలంగా ఎక్కడో పారేసుకున్నది ఎదుటివాళ్ళ చేతిలో కనబడితే చూసినట్టు చూసింది.

"అంతేనా?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"తడిస్తే తడవనీ. అంతేనా ఆ రోజు అనాల్సింది?" ఆమె పెదాలు ఆ మాటను ఇంకోసారి చప్పుడు లేకుండా పలికి చూసుకున్నాయి. "ఇంత చిన్న మాటా?"

గోడ వైపు తిరిగింది. మళ్ళీ వీళ్ళ వైపు తిరిగింది. ఇన్నాళ్ళుగా పొడిగా ఉన్న ఆ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు.

"ఇవ్వక్కా," అంది చిన్నకోడలు, పాప చంకల కింద చేతులు పెట్టి. "నువ్వూ రా. ఇద్దరం కలిసి తీసుకెళ్దాం."

దూలం మూలిగింది. బావగారు భార్య భుజం పట్టుకుని లేపబోయాడు. పాప ఏడుపు అందుకుంది.

పాపను పట్టుకున్న అక్క చేతులు మాత్రం ఇంకా సడలలేదు.